పాత ల్యాప్‌టాప్ అమ్మే ముందు: సీ డ్రైవ్‌కి ఒక పద్ధతి, డీ డ్రైవ్‌కి ఇంకో పద్ధతి

మీరు అడిగింది ఇదీ. ఐదారేళ్ల ల్యాప్‌టాప్, విండోస్ 11 హోమ్, సీ డ్రైవ్ 256 జీబీ ఎస్ఎస్‌డీ, అంటే డేటాని చిప్‌లలో దాచేది, డీ డ్రైవ్ 1 టీబీ మామూలు హార్డ్ డిస్క్, అంటే తిరిగే పళ్లేల మీద దాచేది. అందులో ఇంటి ఫొటోలు, నాన్నగారి పెన్షన్ కాగితాలు, మీరు ఏటా చుట్టాలకి వేసిపెట్టే ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నుల ఫైళ్లు. అన్నీ డిలీట్ చేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశారు. షాపతను "ఫార్మాట్ కొట్టిస్తా, చాలు సార్" అన్నాడు. అది చాలా, లేక ఏదైనా సాఫ్ట్‌వేర్ కొనాలా, బీరువాలో పడున్న ఆన్ కాని ఇంకో పాత ల్యాప్‌టాప్‌ని ఏం చేయాలి అని మీ ప్రశ్న.

చాలదండీ. సాఫ్ట్‌వేర్ మాత్రం కొనక్కర్లేదు. నేను చాలాకాలంగా డేటా రికవరీ పనిలో ఉన్నాను, అంటే పోయాయనుకున్న ఫైళ్లని తిరిగి తీసివ్వడమే నా పని, కాబట్టి ఏది తిరిగొస్తుంది, ఏది రాదు అన్నది రోజూ చూసే విషయమే. కాస్త పొడుగ్గానే చెబుతాను, ఎందుకంటే మీ మెషీన్‌లో రెండు రకాల డ్రైవ్‌లు ఉన్నాయి, ఒకదానికి పనిచేసే పద్ధతి రెండోదానికి పనిచేయదు, చాలామంది దెబ్బతినేది సరిగ్గా అక్కడే.

ముందు డిలీట్ అంటే ఏం జరుగుతుందో చూడండి. డిస్క్ మీద ఎక్కడ ఏ ఫైలు ఉందో రాసుకునే పట్టిక ఒకటి ఉంటుంది. డిలీట్ కొట్టి బిన్ ఖాళీ చేస్తే ఆ పట్టికలో "ఈ చోటు ఖాళీ, ఎవరైనా వాడుకోవచ్చు" అని మారుతుంది, అంతే. పాస్‌బుక్‌లో పేరు కొట్టేసినంత మాత్రాన పొలంలో పంట మాయమైపోదు కదా, ఇదీ అంతే. ఆ చోట ఇంకో ఫైలు వచ్చి కూర్చునేదాకా పాతది అక్కడే ఉంటుంది. 1 టీబీ డిస్క్‌లో సగం కూడా నిండకపోతే కొన్నేళ్ల కిందట డిలీట్ చేసిన పెళ్లి ఫొటో కూడా చెక్కుచెదరకుండా దొరకొచ్చు. తీయడానికి గొప్ప విద్య ఏమీ అక్కర్లేదు, రెకువా, ఫొటోరెక్ లాంటి రికవరీ సాఫ్ట్‌వేర్‌లు ఉచితంగా దొరుకుతాయి, ఇంటర్ చదివే పిల్లాడు కూడా ఒక మధ్యాహ్నంలో నేర్చుకుంటాడు.

షాపతను కొట్టే ఫార్మాట్ సాధారణంగా క్విక్ ఫార్మాట్. సెకన్లలో అయిపోతుంది. అది పాత పట్టికని తీసేసి కొత్త ఖాళీ పట్టిక పెడుతుంది, కింద డేటాని ముట్టుకోదు. ఆయన మిమ్మల్ని మోసం చేస్తున్నాడని నేను అనను, ఆయన దృష్టిలో మెషీన్ కొత్తదానిలా కనిపిస్తే పని అయిపోయినట్టే. మీకు కావలసింది కనిపించకపోవడం కాదు, అసలు లేకుండా పోవడం.

ఇది ఊహించి భయపెడుతున్న మాట కాదు. 2003లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలత్ అనే ఇద్దరు పరిశోధకులు సెకండ్ హ్యాండ్ హార్డ్ డిస్క్‌లు 158 కొని పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. పనిచేసినవి 129. వాటిలో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే. మిగతావాటిలో ఐదువేలకి పైగా క్రెడిట్ కార్డ్ నంబర్లు దొరికాయి, ఒక డిస్క్ అయితే ఏటీఎం మెషీన్‌లోంచి వచ్చినది. అది పాతకాలం అనుకుంటే 2022 సెప్టెంబరులో అమెరికాలో మోర్గాన్ స్టాన్లీ అనే పెద్ద ఆర్థిక సంస్థకి చెందిన కంపెనీ మీద అక్కడి సెక్యూరిటీస్ కమిషన్ 3.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. పాత కంప్యూటర్లు తీసేసే పనిని, డేటా చెరపడంలో ఏ అనుభవమూ లేని ప్యాకర్స్ అండ్ మూవర్స్ కంపెనీకి అప్పజెప్పారు. ఆ మెషీన్లలో కొన్ని కస్టమర్ల వివరాలతో సహా ఆన్‌లైన్ వేలంలోకి వెళ్లిపోయాయి.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంది కదా, దొరికినా ఎవరు తెరుస్తారులే అని చాలామంది ధీమా. ఆ పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఇన్‌కమ్ ట్యాక్స్ శాఖ ఇచ్చే ఏఐఎస్ అనే వార్షిక ఆదాయ వివరాల స్టేట్‌మెంట్‌కి పాన్ నంబరు, పుట్టిన తేదీ. ఇవి రెండూ అదే ల్యాప్‌టాప్‌లో పక్క ఫోల్డర్‌లోనే దొరుకుతాయి. పైగా మీరు చుట్టాలకి రిటర్నులు వేస్తారు. అంటే మీ డీ డ్రైవ్‌లో ఉన్నది మీ ఒక్కరి జాతకం కాదు, మీ బావమరిది జీతం, మీ పిన్ని బ్యాంకు స్టేట్‌మెంట్, ఎవరివో పాన్ కార్డుల స్కానింగ్‌లు. వాళ్లు మిమ్మల్ని నమ్మి వాట్సాప్‌లో పంపేశారు. ఈ ల్యాప్‌టాప్ అమ్ముతున్న సంగతి కూడా వాళ్లకి తెలియదు. అందుకే "నా దగ్గర దాచేంత ఏముందిలే" అనే మాట మీ విషయంలో అసలు పనికిరాదు.

సరే, పనిలోకి దిగుదాం. ముందు బ్యాకప్. తొందరపడి తుడిచేసి తరవాత ఏడ్చేవాళ్లు, తుడవకుండా అమ్మి నష్టపోయేవాళ్లకంటే ఎక్కువ, ఇది మా పనిలో రోజూ చూసేదే. కావలసినవన్నీ ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి, ముఖ్యమైనవి ఇంకో చోటికి కూడా కాపీ చేయండి, తరవాత ఆ కాపీలని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. ఫోల్డర్ సైజు సరిపోయిందని వదిలేయకండి, ఫొటోలు నాలుగైదు, పీడీఎఫ్‌లు నాలుగైదు నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి. జనం మర్చిపోయేవి కొన్ని ఉంటాయి: డెస్క్‌టాప్ మీద పడేసినవి, డౌన్‌లోడ్స్ ఫోల్డర్, అవుట్‌లుక్ మెయిల్ ఫైలు, ట్యాలీ డేటా ఫోల్డర్. పాత పేజ్‌మేకర్ ఫైళ్లు, అను ఫాంట్లలో టైప్ చేసిన తెలుగు మ్యాటరు ఉంటే ఫాంట్లని కూడా కాపీ చేసుకోండి, ఫాంటు లేకపోతే ఆ ఫైలు తెరిచినా అర్థం లేని గుర్తులే కనిపిస్తాయి.

ఇక్కడ ఒక పెద్ద గుంత ఉంది, జాగ్రత్త. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటే మీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు మీకు తెలియకుండానే మైక్రోసాఫ్ట్ వాళ్ల క్లౌడ్ నిల్వ అయిన వన్‌డ్రైవ్‌తో కలిసి ఉండొచ్చు. అప్పుడు ల్యాప్‌టాప్‌లో ఫొటోలు డిలీట్ చేస్తే క్లౌడ్‌లోంచి కూడా పోతాయి, అదే అకౌంట్ ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లోంచి కూడా పోతాయి. మీరు ఇప్పటికే అన్నీ డిలీట్ చేశానన్నారు కాబట్టి ఇది చదవగానే ఫోన్‌లోనో వేరే కంప్యూటర్‌లోనో వన్‌డ్రైవ్ సైట్ తెరిచి అక్కడి రీసైకిల్ బిన్ చూడండి, పర్సనల్ అకౌంట్ అయితే 30 రోజులదాకా అందులో ఉంటాయి. ఫైళ్లు తీసేముందు చేయవలసింది వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో ఈ పీసీని అన్‌లింక్ చేయడం. గూగుల్ డ్రైవ్ డెస్క్‌టాప్ యాప్ వాడేవాళ్లకీ ఇదే హెచ్చరిక. క్రోమ్‌లో కూడా అంతే, సింక్ ఆన్‌లో ఉండగా సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు క్లియర్ చేస్తే మీ గూగుల్ అకౌంట్‌లోంచే పోతాయి. ముందు సైన్ అవుట్ అవ్వండి.

ఆ తరవాత లైసెన్సులు. ట్యాలీ ఉంటే అందులోనే లైసెన్సు సరెండర్ చేసే ఆప్షన్ ఉంటుంది, అది చేయకుండా డిస్క్ తుడిచేస్తే కొత్త మెషీన్‌లో యాక్టివేట్ చేయడానికి కస్టమర్ కేర్ చుట్టూ తిరగాలి. ఎంఎస్ ఆఫీస్, అడోబీ లాంటివి సైన్ అవుట్ అయితే చాలు. విండోస్ లైసెన్సు గురించి టెన్షన్ వద్దు, ల్యాప్‌టాప్‌తో వచ్చిన విండోస్ లైసెన్సు మెషీన్‌కే చెందుతుంది, మళ్లీ అదే ఎడిషన్ ఇన్‌స్టాల్ చేసి నెట్‌కి కలిపితే దానంతటదే యాక్టివేట్ అవుతుంది.

ఇప్పుడు అసలు విషయం. మీ కేసులో డీ డ్రైవ్ ముందు చేయండి, సీ డ్రైవ్ చివర్లో. విండోస్ నడుస్తుండగానే డీ తుడిచేసి, నిజంగా పోయిందో లేదో పరీక్షించుకోవచ్చు. సీ పోయాక పరీక్షించాలంటే మళ్లీ వేరే ఏర్పాటు కావాలి.

ఏది ఏ రకం డ్రైవో ముందు కళ్లతో చూసుకోండి. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లోకి వెళితే ఒక్కో డిస్క్ కింద ఎస్ఎస్‌డీ అనో హెచ్‌డీడీ అనో రాసి ఉంటుంది, అందులో ఏ అక్షరాల డ్రైవ్‌లు ఉన్నాయో కూడా కనిపిస్తుంది. ఇది చదివే మిగతావాళ్లలో చాలామందికి సీ, డీ రెండూ ఒకే ఎస్ఎస్‌డీని రెండు భాగాలు చేసినవి అయి ఉంటాయి, అలాంటివాళ్లు కిందున్న హార్డ్ డిస్క్ పద్ధతిని డీకి వాడి నిశ్చింతగా ఉండకూడదు.

హార్డ్ డిస్క్ సంగతి తేలిక. డీ మీద రైట్ క్లిక్, ఫార్మాట్, అందులో క్విక్ ఫార్మాట్ అని టిక్ ఉంటుంది, ఆ టిక్ తీసేసి స్టార్ట్ కొట్టండి. అంతే. విండోస్ విస్టా నుంచి ఇటు, టిక్ తీసేసి చేసే పూర్తి ఫార్మాట్ ఆ పార్టిషన్ మొత్తం సున్నాలు రాస్తుంది. 1 టీబీ ల్యాప్‌టాప్ డిస్క్‌కి మూడు నాలుగు గంటలు పట్టడం మామూలే, ఛార్జర్ పెట్టి, స్లీప్ మోడ్ ఆపేసి వదిలేయండి. ఆ డిస్క్‌లోనే ఈ, ఎఫ్ అంటూ ఇంకా భాగాలు ఉంటే ఒక్కోదానికీ చేయాలి. లేదంటే విండోస్‌లోనే ఉండే డిస్క్‌పార్ట్ అనే టూల్‌లో క్లీన్ ఆల్ అనే కమాండ్ మొత్తం డిస్క్‌ని ఒకేసారి సున్నాలతో నింపుతుంది, కానీ డిస్క్ నంబరు తప్పు కొడితే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఉన్న మీ బ్యాకప్పే పోతుంది. బ్యాకప్ డిస్క్ పీకేసి పక్కన పెట్టాకే ఆ కమాండ్ జోలికి వెళ్లండి, అలవాటు లేకపోతే అసలు వెళ్లకండి.

"ఒక్కసారి సున్నాలు రాస్తే చాలా, 35 సార్లు రాయాలంటారు కదా" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ 35 సంఖ్య పీటర్ గట్‌మన్ 1996లో రాసిన పరిశోధనా పత్రం నుంచి వచ్చింది. అప్పటి రకరకాల పాత డిస్క్‌లన్నిటినీ దృష్టిలో పెట్టుకుని చెప్పిన లెక్క అది. ఏ ఒక్క డిస్క్‌కైనా మొత్తం 35 సార్లు రాయడంలో అర్థం లేదని తరవాత ఆయనే చెప్పాడు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2014లో సవరించిన మార్గదర్శకాల్లో ఇలాంటి డిస్క్‌లకి సాధారణంగా ఒక్కసారి రాస్తే సరిపోతుందనే చెప్పింది. సున్నాలు రాసిన హార్డ్ డిస్క్ మా టేబుల్ మీదికి వస్తే మేమూ చేతులెత్తేస్తాం. ఒక్క మినహాయింపు, డిస్క్‌లో బ్యాడ్ సెక్టార్లు, అంటే పాడైపోయిన చోట్లు ఉంటే వాటి మీద కొత్తగా రాయడం కుదరదు, అందులో చిన్న చిన్న ముక్కలు మిగలొచ్చు. డిస్క్ టక్‌టక్‌మని చప్పుడు చేస్తూ ఎర్రర్లు ఇస్తుంటే దాన్ని అమ్మకండి, తీసేయండి.

ఫార్మాట్ అయ్యాక ఫొటోరెక్ దింపుకుని డీ మీద నడపండి. ఒక్క ఫైలు కూడా దొరక్కూడదు. వీలైతే ఫార్మాట్‌కి ముందు కూడా ఒకసారి నడిపి చూడండి, మీరు డిలీట్ చేశాననుకున్నవి ఎన్ని బయటికి వస్తాయో చూస్తే ఈ రాతంతా ఎందుకో మీకే తెలుస్తుంది.

ఇక ఎస్ఎస్‌డీ. ఇది వేరే లోకం. హార్డ్ డిస్క్‌లో ఫలానా చోట రాయి అంటే అక్కడే రాస్తుంది. ఎస్ఎస్‌డీలో చిప్‌లు అరిగిపోకుండా ఉండడానికి లోపలి కంట్రోలర్ ప్రతిసారీ కొత్త చోట రాస్తుంది, పాత చోటుని తరవాత తీరిగ్గా చెరుపుతుంది. పైగా విండోస్‌కి కనిపించని కొంత అదనపు జాగా ఎప్పుడూ దాని చేతిలో ఉంటుంది. అంటే మీరు ఒక ఫైలు మీద సున్నాలు రాయమంటే ఆ సున్నాలు ఇంకెక్కడో పడతాయి, అసలు ఫైలు ఉన్న చిప్ అలాగే ఉండొచ్చు. ఫైల్ ష్రెడర్ పేరుతో అమ్మే సాఫ్ట్‌వేర్‌లు ఎస్ఎస్‌డీ మీద నమ్మదగ్గవి కాకపోవడానికి కారణం ఇదే. శాన్ డియెగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు 2011లో దీన్నే పరీక్షించి చూపించారు. విడివిడి ఫైళ్లని చెరిపే పద్ధతులు ఒక్కటి కూడా ఎస్ఎస్‌డీ మీద నిలబడలేదు, మొత్తం డ్రైవ్ మీద రెండుసార్లు రాస్తే చాలావరకు పనిచేసింది కానీ అన్నిటి మీదా కాదు.

దీనికి తోడు ట్రిమ్ అనేది ఒకటి ఉంది. మీరు డిలీట్ చేయగానే విండోస్ ఎస్ఎస్‌డీకి "ఈ చోటు నాకు అక్కర్లేదు" అని చెబుతుంది, ఆ తరవాత మామూలు రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఆ ఫైలు దొరకడం కష్టం. నిజానికి రికవరీ పనిలో మాకు అన్నిటికంటే కష్టమైన శత్రువు ఇదే. కానీ ఇది గ్యారంటీ ఉన్న తుడుపు కాదు, ఎప్పుడు నిజంగా చెరుపుతుందో కంట్రోలర్ ఇష్టం. ఇంకో సంగతి, మీకు కనిపించే ఫైళ్లు మాత్రమే డేటా కాదు. సీ డ్రైవ్‌లో ఫొటోల చిన్న బొమ్మలు దాచుకునే ఫైళ్లు, హైబర్నేట్ అయినప్పుడు మెమొరీ మొత్తాన్ని దించుకునే ఫైలు, బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌లు, మెయిల్‌లోంచి నేరుగా తెరిచిన పీడీఎఫ్‌ల టెంపరరీ కాపీలు, ఇవన్నీ ఏరుకుంటూ ఒక్కొక్కటే తీయడం జరిగే పని కాదు. సీ మొత్తం ఒక్కసారిగా పోవాలి.

అన్నిటికంటే మంచి దారి ఎస్ఎస్‌డీకే "నిన్ను నువ్వు చెరుపుకో" అని ఆజ్ఞ ఇవ్వడం, దాన్నే సెక్యూర్ ఎరేజ్ అంటారు. ఇందులో కంట్రోలరే విండోస్‌కి కనిపించని జాగాతో సహా చెరిపేస్తుంది. చాలాసార్లు నిమిషాల్లో అయిపోతుంది. డెల్, హెచ్‌పీ, లెనోవో బిజినెస్ మోడళ్లలో చాలావాటికి బయోస్‌లోనే, అంటే విండోస్ మొదలవకముందే తెరుచుకునే మెషీన్ సెట్టింగ్స్‌లోనే ఈ సౌకర్యం ఉంటుంది, డెల్‌లో డేటా వైప్ అని, హెచ్‌పీలో సెక్యూర్ ఎరేజ్ అని కనిపిస్తుంది. ఇంట్లో వాడే మోడళ్లలో తరచుగా ఉండదు, అయినా ఒకసారి బయోస్ తెరిచి మెయింటెనెన్స్, సెక్యూరిటీ పేజీలు చూడండి. అక్కడ లేకపోతే లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీకి ఎన్‌వీఎంఈ ఫార్మాట్ కమాండ్‌తో, పాత సాటా రకానికి హెచ్‌డీపార్మ్ అనే కమాండ్‌తో ఇదే పని చేయొచ్చు. సాటా డ్రైవ్ "ఫ్రోజెన్" అని మొండికేస్తే ల్యాప్‌టాప్‌ని ఒకసారి స్లీప్‌లో పెట్టి లేపితే చాలావరకు దారికొస్తుంది. లినక్స్ ఎప్పుడూ ముట్టనివాళ్లు దీన్ని పక్కింటి ఇంజినీరింగ్ కుర్రాడి సాయంతో చేసుకోవడం మేలు. ఇలా చెరిపాక మెషీన్‌లో విండోస్ ఉండదు, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారుచేసి మళ్లీ ఎక్కించాలి. ఆ పెన్‌డ్రైవ్ ముందే చేసిపెట్టుకోండి.

ఇదంతా కుదరదంటే విండోస్ రీసెట్. మామూలు ఇంటి ల్యాప్‌టాప్‌కి ఇది సరిగ్గా చేస్తే చాలావరకు సరిపోతుందనే నా అభిప్రాయం, కాకపోతే "సరిగ్గా" అన్నది ముఖ్యం. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ, అందులో రీసెట్ పీసీ. రిమూవ్ ఎవ్రీథింగ్ ఎంచుకోండి. చాలామంది ఇక్కడే నెక్స్ట్ నెక్స్ట్ కొట్టేస్తారు. కొట్టకండి, తరవాతి తెరలో ఛేంజ్ సెట్టింగ్స్ అని చిన్న లింకు ఉంటుంది, అది తెరిచి క్లీన్ డేటా అన్నదాన్ని ఆన్ చేయండి. అది ఆన్ చేయకపోతే ఇదీ క్విక్ ఫార్మాట్ లాంటి పనే. అక్కడే డిలీట్ ఫైల్స్ ఫ్రమ్ ఆల్ డ్రైవ్స్ అని ఇంకోటి ఉంటుంది. మీరు డీ ముందే తుడిచేశారు కాబట్టి మీకు అక్కర్లేదు, మిగతావాళ్లు దాన్ని తప్పకుండా ఆన్ చేయాలి. ఎందుకంటే మన దగ్గర ల్యాప్‌టాప్ కొన్నరోజే షాపువాళ్లు సీ, డీ అని రెండు చేసి ఇస్తారు, "మీ ఫైళ్లు డీలో పెట్టుకోండి, విండోస్ పోయినా అవి పోవు" అని చెబుతారు, మనం ఏళ్లతరబడి అలాగే చేస్తాం, తీరా అమ్మే రోజు సీ ఒక్కటే రీసెట్ చేసి డీని నిండుగా అప్పజెప్పేస్తాం.

రీసెట్‌కి ముందు విండోస్ అప్‌డేట్‌లు అన్నీ పెట్టండి. 2022 మొదట్లో ఒక లోపం బయటపడింది, రిమూవ్ ఎవ్రీథింగ్ చేసినా వన్‌డ్రైవ్ ఫైళ్లు విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లో మిగిలిపోయేవి. మైక్రోసాఫ్ట్ ఒప్పుకుని ఆ మార్చిలో సరిచేసింది. ఇంకో సంగతి, క్లీన్ డేటా ఆప్షన్ మామూలు వినియోగదారుల కోసమే తప్ప ప్రభుత్వ, పరిశ్రమ ప్రమాణాలకి సరిపోదని మైక్రోసాఫ్టే చెబుతుంది. మీకున్నది ఇంటి ఫైళ్లు, చుట్టాల రిటర్నులు. వృత్తిగా చేసే ఆడిటర్ అయితే మాత్రం సెక్యూర్ ఎరేజ్ లేదా డ్రైవ్ పీకేయడం, ఈ రెండే చేయమంటాను.

ఎన్‌క్రిప్షన్ గురించి ఒక మాట, అంటే తాళంచెవి లాంటి కోడ్ లేకుండా చదవలేనట్టు డేటాని మార్చేయడం, ఇది నిజానికి అన్నిటికంటే తెలివైన పద్ధతి. డ్రైవ్ మొదటి నుంచీ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే రీసెట్‌తో తాళంచెవి పోతుంది, తాళంచెవి లేని డేటా ఎవరికి దొరికినా చెత్తే. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూడండి, కొన్ని ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్ పెట్టగానే తనంతట తానే ఆన్ అయి ఉంటుంది. ఆన్‌లో ఉంటే మీ పని సగం ముందే అయిపోయినట్టు. లేకపోతే ఇప్పుడు ఆన్ చేసి, పూర్తయ్యాక రీసెట్ చేసినా మేలే, కానీ ఇన్నాళ్లూ ఎన్‌క్రిప్షన్ లేకుండా రాసినవాటికి అది పూర్తి హామీ ఇవ్వదు. ప్రో ఎడిషన్ ఉన్నవాళ్లు అందులో ఎన్‌క్రిప్షన్ చేసే బిట్‌లాకర్‌లో "వాడిన జాగా మాత్రమే" కాకుండా "మొత్తం డ్రైవ్" ఎంచుకోవాలి. కొత్త ల్యాప్‌టాప్ ఉంటే దానికి ఈ రోజే ఆన్ చేసి రికవరీ కీని కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి. దొంగతనం జరిగినా ఇదే కాపాడుతుంది, రేపు దాన్ని అమ్మేటప్పుడు ఈ శ్రమలో చాలా తప్పుతుంది.

మ్యాక్‌బుక్ వాళ్లకి చిన్నగా చెబుతాను. 2018 నుంచి వచ్చిన టీ2 చిప్ మోడళ్లు, ఎం1, ఆ తరవాతివి అయితే మ్యాక్ఓఎస్ మాంటెరీ లేదా ఆపై వెర్షన్‌లో ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్ అనే ఆప్షన్ ఉంది, అది ఎన్‌క్రిప్షన్ తాళంచెవినే పారేస్తుంది, చాలు. పోయిన మ్యాక్‌ని వెతికిపెట్టే ఫైండ్ మై ఆఫ్ అయిందో లేదో చూసుకోండి, లేకపోతే యాక్టివేషన్ లాక్ పడి కొన్నవాళ్లు మీకు రోజూ ఫోన్ చేస్తారు.

ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఇవేవీ మీరు చేయకండి. ఐటీ వాళ్లకి అప్పజెప్పి, అప్పజెప్పినట్టు మెయిల్ తీసుకోండి.

తుడవడం అయ్యాక విండోస్ మొదటి తెర, దేశం భాష అడిగేది, వస్తుంది. అక్కడే ఆపేసి పవర్ బటన్ నొక్కి ఆఫ్ చేయండి, కొనేవాళ్లు వాళ్ల పేరుతో పెట్టుకుంటారు. "ఆన్ చేసి చూపించండి" అంటే ఆ తెర చూపిస్తే చాలు, మీ అకౌంట్‌తో లాగిన్ అయి చూపించే పని పెట్టుకోకండి. అడ్డదిడ్డంగా బేరమాడేవాళ్ల ముందు ఈ తప్పు చాలామంది చేస్తారు. బ్యాటరీ, స్క్రీన్, కీబోర్డ్ పరీక్షలు చూడాలంటే తుడవకముందే వీడియో తీసి పెట్టుకోండి, లేదా బయోస్‌లో ఉండే డయాగ్నొస్టిక్స్ నడిపి చూపించండి.

మెషీన్ బయట కూడా మీ జాడలు ఉంటాయి. బయోస్ పాస్‌వర్డ్ పెట్టి ఉంటే తీసేయండి. వేలిముద్రలు కొన్ని మోడళ్లలో రీడర్ లోపలే నిల్వ ఉంటాయి, థింక్‌ప్యాడ్‌లలో వాటిని తుడవడానికి బయోస్‌లో విడిగా ఆప్షన్ ఉంది. మెమొరీ కార్డు స్లాట్, డీవీడీ ట్రే, మౌస్ రిసీవర్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, ఇవి చూసుకోండి, ముఖ్యంగా ఆ టోకెన్. తరవాత ఫోన్ తీసి వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్, టెలిగ్రామ్‌లో డివైసెస్ తెరిచి ఈ ల్యాప్‌టాప్‌ని లాగవుట్ చేయండి. గూగుల్ అకౌంట్, మైక్రోసాఫ్ట్ అకౌంట్ రెండింటిలోనూ డివైస్‌ల జాబితాలోంచి దీన్ని తీసేయండి. మెయిల్ పాస్‌వర్డ్, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ మార్చేయడం ఐదు నిమిషాల పని, మార్చేయండి.

అమ్మేటప్పుడు ఒక తెల్ల కాగితం మీద మోడల్, సీరియల్ నంబరు, తేదీ, కొన్నవాళ్ల పేరు రాసి సంతకం పెట్టించుకోండి. సికింద్రాబాద్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల మార్కెట్‌లో అమ్మినా, ఆన్‌లైన్ యాడ్ చూసి ఇంటికొచ్చినవాళ్లకి అమ్మినా ఇది అడగడానికి మొహమాటపడకండి. రేపు ఆ మెషీన్‌తో ఎవరైనా తప్పుడు పని చేస్తే ఫలానా రోజున అది మీ చేతిలో లేదని చూపించడానికి ఇదే ఆధారం.

ఇది చదువుతున్నవాళ్లలో ఇప్పటికే తుడవకుండా అమ్మేసినవాళ్లు ఉంటే, అన్ని పాస్‌వర్డ్‌లు ఈ రోజే మార్చండి, పైన చెప్పిన అకౌంట్ల నుంచి ఆ డివైస్‌ని దూరం నుంచే సైన్ అవుట్ చేయండి, ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టండి. క్రెడిట్ రిపోర్ట్ ఒక్కో బ్యూరో నుంచి ఏడాదికి ఒకటి ఉచితంగా తీసుకోవచ్చు, మీ పేరు మీద మీకు తెలియని లోన్ ఏదైనా ఉందేమో చూసుకోండి. డబ్బు పోయినట్టు అనిపిస్తే ఆలస్యం లేకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

చివరిగా మీ బీరువాలో ఉన్న ఆన్ కాని ల్యాప్‌టాప్. మెషీన్ చచ్చిపోయినంత మాత్రాన డిస్క్ చచ్చిపోదు, మదర్‌బోర్డు కాలిపోయిన ల్యాప్‌టాప్‌లలో డిస్క్ నిక్షేపంగా ఉండడమే ఎక్కువ. కాబట్టి దాన్ని అలాగే పాత సామాన్లవాళ్లకి ఇవ్వకండి. బ్యాటరీ తీసి, అడుగు భాగం స్క్రూలు విప్పితే హార్డ్ డిస్క్ కనిపిస్తుంది, పాత మోడళ్లలో తీయడం తేలిక. చిన్న పట్టీలా ఉండే ఎం.2 ఎస్ఎస్‌డీ అయితే ఒక్క స్క్రూ ఉంటుంది. కొన్ని సన్నటి మోడళ్లలో, కొత్త మ్యాక్‌బుక్‌లలో మాత్రం చిప్‌లు బోర్డుకే అతికించి ఉంటాయి, తీయలేం. తీసిన డిస్క్‌ని యూఎస్‌బీ కేసులో పెట్టి కొత్త ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే పాత ఫొటోలు కూడా దొరకొచ్చు, తరవాత అదే మీకు ఎక్స్‌టర్నల్ డిస్క్ అవుతుంది. డిస్క్ కూడా పాడైతే పగలగొట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి. హార్డ్ డిస్క్ అయితే లోపలి పళ్లేలు పాడవ్వాలి, ల్యాప్‌టాప్ డిస్క్‌లలో అవి తరచుగా గాజువి, దెబ్బ కొడితే పొడిపొడిగా ఎగురుతాయి, కళ్లద్దాలు పెట్టుకుని గుడ్డలో చుట్టి కొట్టండి. ఎస్ఎస్‌డీ అయితే దాని మీదున్న నల్లటి చిప్‌లు ఒక్కటి కూడా మిగలకుండా పగలాలి. దేన్నీ కాల్చకండి, ఆ పొగ పీల్చదగ్గది కాదు. మిగిలిన ల్యాప్‌టాప్‌ని డిస్క్ లేకుండా స్పేర్ పార్టుల కింద అమ్మొచ్చు, కొంచెం తక్కువ ఇస్తారు, ఇవ్వనివ్వండి.